తొలి కూర

తిరుపతమ్మ పుట్టకొక్కులు, అంటే పుట్టల మీద లేచే పుట్టగొడుగులు, ఏరే తీరు చూస్తే ఎంత ఓపిక ఉన్నవాళ్లకైనా విసుగొస్తుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుంటుంది. కొక్కు తలను ముట్టుకోదు. కాడ చుట్టూ రెండు వేళ్లతో మట్టి తీసి, ఇంకా తీసి, మోచేతి దాకా చెయ్యి పుట్టలోకి పెట్టి, కింద చెదల గూటి దాకా దిగిన సన్నని తోకను తెగకుండా పైకి లాగుతుంది. తోక తెగితే ఆ కొక్కు ఎంత పెద్దదైనా అక్కడే వదిలేస్తుంది. పక్కన ఏరే ఆడవాళ్లు బుట్టలు నింపుకుని ఇంటిదారి పట్టేసరికి ఈమె బుట్ట సగం కూడా నిండదు. రెంజల్ మండలంలో, ఆ మూల పల్లెలో, అట్లా ఏరే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

తల్లి నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి రెండు నియమాలు. తోక చూడనిదే కొక్కు బుట్టలో పడకూడదన్నది మొదటిది. రెండోది తొలి కూర. అంతకు ముందెన్నడూ ఏరని చోట కొక్కులు దొరికితే వాటిని నేరుగా అంగడికి తీసుకుపోకూడదు. ఏరిన మనిషే వండుకోవాలి, ఏరిన మనిషే తినాలి. పిల్లలు ఏడ్చినా పెట్టకూడదు. పొద్దుగూకి దీపాలు పెట్టే దాకా ఆ మనిషికి ఏమీ కాకపోతే ఆ చోటు మంచిదన్నట్టు. మరుసటి రోజు నుంచి అక్కడివి అమ్ముకోవచ్చు. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం తన కడుపును అడ్డం పెట్టడమన్నమాట. అయినా ఆ చుట్టుపక్కల పల్లెల్లో దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు లేరు. పొద్దున్నే వాకిలి ఊడవడం ఎట్లాగో ఇదీ అట్లాగే.

ఆమె కూతురు శ్రీవాణికి మాత్రం ఈ రెండు నియమాలూ నవ్వు తెప్పించేవి. నవ్వే హక్కు తనకుందని కూడా ఆమె అనుకునేది. శ్రీవాణి నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తుంది. తండ్రి లింబాద్రి బోధన్‌కు చెరుకు బండ్లు తోలేవాడు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలో పొగ ఆగిపోయాక చెరుకు పోయింది, బండ్లు పోయాయి, కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఆ తర్వాత కూతురి చదువంతా వానకాలం కొక్కుల మీద, ఎండాకాలం పసుపు ఉడకబెట్టే కూలి మీద నడిచింది. అంత కష్టపడి చదివించిన తల్లికి పాఠం చెప్పాలని కూతురికి అనిపించడంలో వింతేమీ లేదు. చదువుకున్న పిల్లలందరికీ ఆ జబ్బు ఉంటుంది.

"అది తోక కాదవ్వా. వేరు అసలే కాదు. కొక్కు మొక్కనే కాదు" అనేది శ్రీవాణి.

"మరేంది? మ్యాకనా?"

"మొక్క కన్నా మ్యాకకే దగ్గరి సుట్టం."

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. శ్రీవాణి మాత్రం నవ్వకుండా చెప్పుకుపోయేది. పూర్వం వీటిని మొక్కల్లో కలిపారు గానీ ఇప్పుడు శిలీంధ్రాలది వేరే రాజ్యం. ఆకుపచ్చదనం ఉండదు, ఎండతో వంట చేసుకోవడం రాదు. ఒళ్లు కట్టుకున్నది పీత పెంకులో ఉండే పదార్థంతో. పైకి కనిపించే కొక్కు ఒట్టి కాయ. అసలు ప్రాణి నేల కింద సన్నని దారాల వలగా ఉంటుంది. పుట్టకొక్కునైతే చెదపురుగులే పుట్టలో సాగు చేసుకుంటాయి. కొన్ని రకాలు చెట్ల వేర్లతో పొత్తు కలుపుకుంటాయి. ఆ వల మీద పడి మోచేతి దాకా తవ్వి పీకితే, మరుసటి ఏడు కొక్కు ఎక్కడి నుంచి రావాలి?

రెండేళ్ల కింద ఆమె ఈ మాటలన్నీ ఫోన్ ముందు నిలబడి చెప్పింది. మూడు నిమిషాల వీడియో. చివర చిన్న కత్తి పట్టుకుని, నేలకు ఒక వేలెడు పైన కాడను నున్నగా కోసి చూపించింది. "వేరుతో పీకకండి, కోయండి" అన్నది ఆఖరి మాట. కాలేజీ గ్రూపులో పెట్టిన ఆ వీడియో రైతుల గ్రూపుల్లోకి, అక్కడి నుంచి మహిళా సంఘాల గ్రూపుల్లోకి పోయింది. కందకుర్తిలో జాతరకు పోతే ఎవరో గుర్తుపట్టి పలకరించారు. తిరుపతమ్మ ఆ వీడియోను ఊళ్లో చూపించని మనిషి లేదు. చూపించేది గానీ, తాను మాత్రం మోచేతి దాకా తవ్వడం మానలేదు.

"జిల్లా మొత్తం నా మాట వింటున్నది. నీ ఒక్కదానికే పట్టదా?" అని నిరుడు శ్రీవాణి గట్టిగానే అన్నది. ఆ మాట తిరుపతమ్మకు గుచ్చుకున్నట్టుంది. ఈ వానకాలం మొదట్లో ఆమె బోధన్ అంగట్లో పిడి ఎర్రగా ఉన్న ఒక కత్తి కొనుక్కుంది.

శ్రావణం వచ్చింది. మాంసం మానేసినవాళ్లంతా కొక్కుల కోసం ఎగబడే నెల అది. శనివారం పొద్దున శ్రీవాణి సెలవుకు ఇంటికొచ్చి, అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. తిరుపతమ్మ బుట్ట దించింది. ఆ ఏడు మొదటిసారి బుట్ట నిండింది. అన్నీ నున్నగా కోసినవే, మట్టి అంటనివే. వాటి మీద, టేకు ఆకులో విడిగా చుట్టిన ఐదు కొక్కులున్నాయి.

"బిడ్డా, గివి జర సూడు" అంది తల్లి. "పుట్ట కాడియి కావు. నర్సింలు పటేల్ చెరుకు తీసేసి నీలగిరి పెట్టిండు గదా, గా చెట్ల కింద దొరికినయి. ఎన్నడు సూడలే నేను."

శ్రీవాణి ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే ఒకటి అందుకుంది. తెల్లగా ఉంది, మామూలు కన్నా తెల్లగా. పుట్టకొక్కు తల మధ్యలో బుడిపెలాంటి మొన ఉంటుంది. దీనికి సరిగా లేదు. కాడ మీద చిరిగిన పొర వేలాడుతోంది. పుట్టకొక్కుల్లోనూ కొన్నింటికి అట్లాంటి పొర ఉంటుందని ఆమెకు గుర్తొచ్చింది. మనిషికి ఏది కావాలో అదే గుర్తొస్తుంది. కాడ అడుగున నున్నటి కోత తప్ప ఏమీ లేదు.

"అదే జాతి అవ్వా. లేతయి. వానకు మొన అణిగిపోయింది."

"వాసన గూడ వేరే ఉన్నదే."

"నీలగిరి ఆకు వాసన పట్టి ఉంటది."

తిరుపతమ్మ ఇంకో కొక్కు తీసి కాడ అడుగు తిప్పి చూసింది. "తోక సూద్దామంటే లేకపాయె. నువ్వు చెప్పినవని కోసిన" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "తినొచ్చంటవా?"

"తినొచ్చు" అంది శ్రీవాణి, పేపర్లోకి చూస్తూ.

అయితే ఉపాధ్యాయురాలి అలవాటు ఊరుకోనివ్వదు కదా. ఐదింట్లో ఒకదాని కాడ విరిచేసి, తలను బోర్లా కాగితం మీద పెట్టి, పైన గ్లాసు మూత వేసింది. గొడుగు కింది రేకుల్లోంచి సిద్ధబీజాలు పొడిగా రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ పొడి రంగును బట్టి ఏ కుటుంబమో చెప్పొచ్చు. ప్రాక్టికల్స్‌లో పిల్లలకు సగం నల్ల కాగితం, సగం తెల్ల కాగితం అతికించి ఇస్తుంది. ఇంట్లో నల్ల కాగితం ఎక్కడిది? పరీక్ష పేపర్ల కట్టలోంచి ఒక తెల్ల కాగితం చింపింది. రొట్టె పెనం మసితో నల్లగా, పక్కనే గోడకు ఆనించి ఉంది. దాని మీద పెట్టాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మిగిలిన నాలుగింటినీ తిరుపతమ్మ మధ్యాహ్నం వండుకుంది. కొత్త చోటు కాబట్టి కూతురికి పెట్టలేదు. కూతురు అడగనూ లేదు. జొన్నరొట్టెతో తిని, "మంచిగనే ఉన్నయి, తియ్యగ" అంది. సాయంత్రం దీపం పెట్టి, తన పొట్ట మీద చేత్తో తట్టుకుని, కూతురి వైపు చూసి నవ్వింది. ఏమీ కాలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బోధన్ అంగట్లో ఉన్నారు. పుట్టల దగ్గర కోసిన కొక్కులన్నీ ప్లాస్టిక్ ట్రేలలో తెల్లగా మెరుస్తున్నాయి. మట్టి లేదు, కడిగే పని లేదు. నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లు పోటీ పడి కొంటున్నారు. శ్రీవాణికి లోపల్లోపల గర్వంగానే ఉంది.

అప్పుడు ఖాసింబీ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా ప్రతి వానకాలం తిరుపతమ్మ దగ్గర తప్ప ఎక్కడా కొక్కులు కొనలేదు. కొడుకు ఇషాక్ నడిపే ఆటోలోంచి దిగి, ట్రే ఎత్తి, తిప్పి, కింద చూసి, పెట్టేసింది.

"తోకలేవి తిరుపతమ్మా?"

"కోసిన ఖాసింబీ. గిప్పుడు అట్లనే కొయ్యాలంట. బిడ్డ చెప్పింది."

"నీ బిడ్డ మంచిగ సదివింది, అల్లా సల్లగ సూడాలె. కాని నేను తోక సూసే గదా కొన్నది ఇన్నేండ్లు. నాకొద్దమ్మా."

శ్రీవాణి ముఖం మాడిపోయింది. ఏదో చెప్పబోయింది. అంతలో తిరుపతమ్మ అంగడి గోడ పట్టుకుని వంగింది. మొదటి వాంతికి నవ్వి, "పైత్యం" అంది. రెండోసారి నవ్వలేదు. నాలుగోసారికి నిలబడలేకపోయింది. ఇషాక్ ఆమెను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు.

బోధన్ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఏం తిన్నారని అడిగితే శ్రీవాణి కొక్కుల సంగతి చెప్పింది. "ఎప్పుడు?" అన్నాడు కుర్ర డాక్టరు. నిన్న మధ్యాహ్నం అంటే, "వాటివల్లైతే వాంతులు నిన్ననే అయ్యేవి, ఇది వేరే ఏదో" అన్నాడు. శ్రీవాణికి ఆ మాట ఎంత హాయినిచ్చిందో చెప్పలేం. రోజంతా కడుపు కోసినట్టు నొప్పి, నీళ్లలా విరేచనాలు. సోమవారం పొద్దుటికి అన్నీ ఆగిపోయాయి. ఇంటికి పంపించేశారు.

సోమవారం మధ్యాహ్నం తిరుపతమ్మ లేచి కూర్చుంది. జొన్న గట్క అడిగింది. మజ్జిగ పోసుకుని గిన్నె ఖాళీ చేసింది. చూడ్డానికి వచ్చిన ఇషాక్, "మన అవ్వకు ఏమైతది, ఇనుము" అన్నాడు. అందరూ తేలికపడ్డారు. శ్రీవాణి అరుగు మీది పేపర్లు సర్దుతూ గ్లాసు తీసింది.

కొక్కు తల వాడిపోయి ముద్దగా ఉంది. కాగితం మీద ఏమీ లేదు. పొడి రాలలేదనుకుంది. తడి ఎక్కువైతే అంతే. ఉండచుట్టి పారెయ్యబోయి, ఎందుకో వాకిట్లోకి పట్టుకుంది. ఎండ ఏటవాలుగా పడింది. తెల్ల కాగితం మీద, తెల్లగా, బండి చక్రం ఆకుల్లా సన్నని గీతలు మెరిశాయి. వేలితో రాసింది. పిండిలాంటి పొడి వేలికి అంటింది. ఆ వేలిని పోయి రొట్టె పెనం మీద రుద్దింది. నల్లటి మసి మీద చారిక పాలలా తెల్లగా కనిపించింది.

పుట్టకొక్కు అచ్చు గులాబీ రంగులో పడుతుంది. ఏటా పిల్లలకు రెండు మార్కులకు తాను ఇచ్చే ప్రశ్న అది. తెల్లగా పడి, కాడకు పొర ఉండి, చెట్ల వేర్లతో పొత్తున్న జాతి వేరే ఉంది. దాని పేరు అమానిటా. ఆ పేరు కింద తాను బోర్డు మీద రాసే వాక్యాలు ఒక్కొక్కటిగా ఆమెకు కళ్ల ముందు కనబడ్డాయి. ఆ జాతిలో ప్రాణం తీసేవి తింటే వెంటనే ఏమీ కాదు. పది పన్నెండు గంటలకు, ఒక్కోసారి రోజు దాటాక వాంతులవుతాయి. తర్వాత మనిషి తేరుకుంటాడు. ఆ తేరుకున్న రోజే కాలేయం లోపల్లోపల చచ్చిపోతుంటుంది.

వాకిట్లో తిరుపతమ్మ కోళ్లకు నూకలు చల్లుతోంది. భయమంటే ఏమిటో శ్రీవాణికి ఆ నిమిషం దాకా తెలియదు.

"అవ్వా. నీలగిరి కాడియి అంగడికి పోయినయా? ట్రేలల్ల ఒక్కటన్న పడ్డదా?"

"అయ్యో, ఎట్ల ఏస్త? తొలి కూర గదా. నాల్గు నేను తిన్న, ఒకటి నీ గ్లాసు కింద ఉన్నది." తిరుపతమ్మ కూతురి ముఖం చూసి నూకల చేట కింద పెట్టింది. "ఏమైంది బిడ్డా?"

"నడువు. నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదాం."

"ఎందుకే? మంచిగయిన గద. సూడు, తిరుగుతున్న."

"తిరుగుతవవ్వా. గీ ఒక్కరోజు తిరుగుతవ్." శ్రీవాణి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "నేను తప్పు చెప్పిన. నువ్వు అడిగినప్పుడు సరిగ సూడలే. పేపర్లు దిద్దుకుంట చెప్పిన."

తిరుపతమ్మ చేతులకంటిన నూకలు దులుపుకుంది. కోపం లేదు. అర్థమయిందో లేదో కూడా తెలియదు. "ఏడ్వకు. పోదాం తియ్యి" అని చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. ఇషాక్ ఆటో తిప్పాడు. దారిలో తన తల్లిని ఎక్కించుకున్నాడు. ఖాసింబీ తిరుపతమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. నీలగిరి తోపుల మీదుగా పోతున్నంతసేపూ శ్రీవాణి బయటికి చూడలేదు.

నిజామాబాద్‌లో పెద్ద డాక్టరు మొత్తం విన్నాడు. "తిన్న రెండు మూడు గంటల్లో వాంతులైతే నాకు అంత భయం ఉండదమ్మా. ఆలస్యంగా అయ్యేవే పాడువి" అన్నాడు. మంగళవారం పొద్దున రక్తపరీక్ష కాగితం తెచ్చి, ఆ అంకెలను ఆమెకు చూపించకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మందు మొదలుపెట్టామన్నాడు. ఖాయంగా ఏ జాతో తెలిస్తే హైదరాబాద్ వాళ్లతో మాట్లాడటం తేలికన్నాడు. "తల కాదు. అడుగు కావాలి. మట్టిలో ఉన్న భాగం దొరుకుతుందా?"

శ్రీవాణి బయల్దేరుతుంటే తిరుపతమ్మ మంచం మీంచి చెయ్యి పట్టుకుంది. గొంతు బలహీనంగా ఉంది.

"కొయ్యకు బిడ్డా. చెయ్యి పెట్టి తియ్యి."

తోపులో గాలి లేదు. నీలగిరి చెట్లు వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ మనిషెత్తు చెరుకు ఉండేది. చెరుకు పోయి నీలగిరి వచ్చింది. నీలగిరి వేర్ల వెంబడే ఇదీ ఎప్పుడో వచ్చి ఉంటుంది, లేదా ఇక్కడే ఎక్కడో దాగి ఉండి తోడు దొరికాక తలెత్తి ఉంటుంది. ఈ నేలలో నలభై ఏళ్లు ఏరిన మనిషి కూడా దీన్ని ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా, తోక వెతికి ఉంటే పట్టేసేదే. ఆమె పాత పద్ధతికి పేర్లతో పని లేదు.

నున్నగా కోసిన మొదళ్లు ఐదు, ఒక చెట్టు చుట్టూ వంపుగా ఉన్నాయి. శ్రీవాణి మోకాళ్ల మీద కూర్చుంది. బాటనీ చదివిన ఇన్నేళ్లలో మొదటిసారి కాడ చుట్టూ రెండు వేళ్లతో మట్టి తీసింది. మోచేతి దాకా దిగాల్సిన పని రాలేదు. ఒక వేలెడు లోతులోనే కాడ ఆగిపోయింది. అడుగున ఉబ్బెత్తు గడ్డ, దాని చుట్టూ పగిలిన కోడిగుడ్డు పెంకులా తెల్లటి సంచి. తోక లేదు. ఐదింటికీ అంతే. ఆ సంచిని చూస్తే చాలు, పుస్తకం తెరిచిన ఏ పిల్లయినా దూరం జరుగుతుంది. ఆ సంచి నేలకు ఒక వేలెడు కింద ఉంది. తాను ఒక వేలెడు పైన కొయ్యమని చెప్పింది.

ఏడవడానికి కూడా ఆమెకు వ్యవధి లేదు. సంచులతో సహా మొదళ్లను డబ్బాలో పెట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. ఇషాక్ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి ఫోన్ చేతికిచ్చాడు. అవతల ఖాసింబీ.

"బిడ్డా, మీ అమ్మ కండ్లు పసుపు పూసినట్టయినయి. నన్ను పేరు వెట్టి పిలుస్తలేదు. ఎవరు నువ్వు అంటున్నది. జల్ది రా."

ఆటో రెంజల్ బస్టాండు దాటుతుండగా ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ముప్పై ఏళ్లుంటాయి, చంకలో బుట్ట, మీద టేకు ఆకులు. లోపల కూర్చున్న శ్రీవాణిని చూసి ఆమె ముఖం వికసించింది.

"మీరే గదా, వీడియోల మేడం? నా పేరు లత. మీది సూసినంకనే మేం కోసుడు నేర్చుకున్నం. సూడుండ్రి, ఎంత సాఫ్‌గ కోసిన్నో." ఆకు తొలగించి చూపించింది. కొక్కులు తెల్లగా, నున్నగా, వరసగా ఉన్నాయి. తలల మీద మొన లేదు.

శ్రీవాణి ఆటోలోంచి ముందుకు వంగింది. "ఎక్కడ కోసినవ్?"

"కాలువ అవతల నీలగిరి చెట్ల కింద. కొత్త జాగ. ఎవ్వలికి తెల్వదు." లత గొంతు తగ్గించి నవ్వింది. "అట్లని ఊకెనే అంగడికి తీస్కపోను మేడం. మా అక్కకు సూపిద్దమని తెచ్చిన. పొద్దుగాలనే తొలి కూర తిన్న, ఒక్కదాన్నే. ఏం కాలే. దీపాల దాక సూసి రేపు బోధన్ పోత."

ఇషాక్ తల తిప్పి శ్రీవాణిని చూశాడు. లత ఇంకా నవ్వుతూనే ఉంది. ఆరోగ్యంగా, సంతోషంగా ఉంది. శ్రీవాణి బుట్ట లాక్కుంది, మరో చేత్తో లత రెక్క పట్టుకుని ఆటోలోకి గుంజింది. ఆమె ఎందుకు ఏమిటని అరుస్తుంటే, "నేను చెప్పింది తప్పు, నేను చెప్పింది తప్పు" అని నిజామాబాద్ దాకా అదే మాట చెప్పింది.

లత బతికింది. తిని మూడు గంటలే అయింది. కడుపు కడిగారు, నల్లటి బొగ్గు మందు తాగించారు. పది రోజులుంచుకుని పంపారు. తిరుపతమ్మకు ఆ మూడు గంటలు దొరకలేదు. ఆమెను హైదరాబాద్ తీసుకుపోయారు. శుక్రవారం పొద్దున అక్కడే పోయింది. చివరి మూడు రోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు.

పదకొండో రోజు దాటాక శ్రీవాణి పాత వీడియో తీసేసి, కొత్తది పెట్టింది. అందులో కత్తి లేదు. ఒక పుట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతులు మట్టి చేసుకుని, మోచెయ్యంత తోక ఉన్న కొక్కును బయటికి తీసి చూపించింది. నీలగిరి కింది దాని అడుగును కూడా చూపించింది. తన తల్లి ఎట్లా చనిపోయిందో, ఎవరి మాట విని చనిపోయిందో చెప్పింది. దీపాల దాకా చూస్తే సరిపోదని, దీని విషం మరునాటికి గానీ బయటపడదని రెండుసార్లు చెప్పింది. ఆ వీడియోను నాలుగు వందల మంది చూశారు. ఏడుపు వీడియో అని చాలామంది మధ్యలోనే ఆపేశారు.

పాతది ఆమె తన ఫోన్లో తీసేసింది గానీ, జనం ఫోన్లలో అది అట్లాగే ఉంది. మొన్న వాన తెరిపిచ్చిన పొద్దున ఆమెకు తెలియని నంబరు నుంచి ఒక మెసేజ్ కనిపించింది. మెండోర దగ్గరి పల్లె నుంచట. తన పాత వీడియోనే పంపారు, కింద దండం పెట్టే బొమ్మతో. దానితో పాటు ఒక ఫొటో కూడా. స్టీలు పళ్లెంలో నున్నగా కోసిన తెల్లటి కొక్కులు, పక్కన పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె. "మేడం, కొత్త జాగల దొరికినయి, మీరు చెప్పినట్లనే కోసినం."

మెసేజ్ అంతకు ముందు రోజు మధ్యాహ్నం పంపినది. శ్రీవాణి ఫోన్ చేసింది. మోగింది. మళ్లీ చేసింది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.